మేతబీడులోని పొదయు పైరే

ఫాల్గుణము గడచి చైత్రము వచ్చుసరికి మన మెట్టప్రాంతములలో బీళ్ళలోని గడ్డి ఎండి, జీవాల కాళ్ళక్రింద నలిగి మన్నై పోవును. ఇంటివద్ద చొప్పవామి తరిగిపోవును. తొలకరి పడువరకు మేకలను, గొఱ్ఱెలను బ్రతికించునది ఏది? గుట్టల వాలులలో, వాగుల ఒడ్డున, గ్రామ మేత పోరంబోకులో నిలిచియున్న రేగు, తుమ్మ, జమ్మి మొదలైన పొదల ఆకులును, కాయలును మాత్రమే. 2019 పశుగణన ప్రకారము తెలంగాణలో సుమారు 1 కోటి 90 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1 కోటి 76 లక్షల గొఱ్ఱెలు కలవు. దేశములోని గొఱ్ఱెలలో దాదాపు సగము ఈ రెండు రాష్ట్రములలోనే ఉన్నవి. ఇన్ని జీవాలకు వేసవిలో ఆధారమైన పొదను గూర్చి మనము చూపుచున్న శ్రద్ధ మాత్రము బహు స్వల్పము.

మన గ్రామములలో పొదలయెడల రెండు పద్ధతులు వాడుకలో నున్నవి. మొదటిది, ఏడాది పొడవునా మందలను వదలి, చిగురు వేసినది వేసినట్లు మేపివేయుట. రెండవది, ఉపాధి పనులు వచ్చినప్పుడు మంచి చెడ్డ చూడక బీడునంతటిని ఒక్కసారిగా నేలమట్టముగా కొట్టించి, "బాగుచేసితిమి" అని లెక్క వ్రాసుకొనుట. ఈ రెండును బీడును చెరచు పద్ధతులే అని నా నిశ్చితాభిప్రాయము. పొద కూడ ఒక పైరే. దానిని ఎప్పుడు కోసితిమి, ఎంత కోసితిమి, కోసిన తరువాత ఎంతకాలము విడిచితిమి అనుదానినిబట్టి దాని ఆకులోని సారము మారుచుండును. ఆకు పచ్చగా నున్నంతమాత్రమున అది మేత కాదు.

ఆకులోని వగరు ఏమి చేయును?

జొన్న పండించు రైతునకు ఈ సంగతి క్రొత్త కాదు. చొప్ప కోసిన మోళ్ళనుండి వచ్చు పిలకలను మనవారు "నాము" అందురు. నాము మేసిన పశువు గడియలలో పడిపోవునని పసులకాపరి పిల్లవానికి సైతము తెలియును. జొన్న లేతగా నున్నప్పుడును, వాన లేక వాడినప్పుడును, కోసిన తరువాత మరల మొలచినప్పుడును దానిలో హైడ్రోసయనిక్ ఆమ్లము పుట్టించు పదార్థము హెచ్చుగా నుండుటయే దీనికి కారణము. అదే జొన్న ఎదిగి కంకి వేసిన పిమ్మట నిర్భయముగా మేపదగిన మేత. మొక్క ఒకటే, పొలము ఒకటే. కోతయు, వయస్సును, ఎద్దడియు దాని గుణమును మార్చినవి. పొదల విషయమునను ఇట్లే జరుగుచుండును. అయితే అక్కడ నష్టము మెల్లగా వచ్చును గనుక మన కంటికి కనబడదు.

కదలలేని మొక్క తన్ను తాను కాపాడుకొనుటకు ముళ్ళను పెంచుకొనును, ఆకులో చేదును, వగరును, జిగురును చేర్చుకొనును. వీనిలో మన పొదలయందు ముఖ్యమైనది టానిన్ అను వగరు పదార్థము. టానిన్ అనగా ఏమో తెలిసికొనుటకు ఎక్కడికో పోనక్కరలేదు. తంగేడు చెక్కతోను, కరక్కాయతోను తోళ్ళను ఊనుట మన దేశమున తరతరములుగా జరిగినది. లందలో వేసిన పచ్చితోలు కుళ్ళక గట్టిపడి చర్మమగుటకు కారణము, చెక్కలోని టానిన్ తోలులోని మాంసకృత్తులను పట్టి బంధించుటయే. వగరాకు తిన్న గొఱ్ఱె కడుపులోను ఇదే పని జరుగును. ఆకులోని మాంసకృత్తులను టానిన్ పట్టుకొని వదలదు. పశువు కడుపు నిండును గాని ఒంటికి పట్టదు. పేడలో పోషకము బయటికి పోవును.

జమ్మి ఆకును చూడుడు. ఎండు ఆకులో నూటికి 12 మొదలు 14 పాళ్ళవరకు మాంసకృత్తులు కలవు. కాగితముమీద ఇది మంచి మేత. కాని వానిలో జీర్ణమగునవి స్వల్పము. రాజస్థాన్‌లోని అవికానగర్‌లో నున్న కేంద్ర గొఱ్ఱెల, ఉన్ని పరిశోధన సంస్థవారు 2002లో ఒక ప్రయోగ ఫలితమును ప్రకటించిరి. జమ్మి ఆకు తిను మేకపిల్లలకు టానిన్‌ను పట్టివేయు పాలిఇథిలీన్ గ్లైకాల్ అను పదార్థమును ఇచ్చి చూడగా, మేత జీర్ణమగుటయు, పిల్లల పెరుగుదలయు మెరుగుపడినవి. ఆకు మారలేదు. దానిలోని తాళము తీసినంతనే లోనున్న ధనము చేతికి వచ్చినది. ఆ మందును కొని మందలకు పెట్టుడని నేను చెప్పుట లేదు. వగరు ఎంత నష్టము చేయుచున్నదో ఈ ప్రయోగము తెలుపుచున్నది.

అట్లని వగరు పూర్తిగా చెడ్డదియు కాదు. మొత్తము మేత ఎండు బరువులో నూటికి 2 మొదలు 4 పాళ్ళవరకు ఒక తరహా టానిన్ ఉన్నచో, అది మాంసకృత్తులను మొదటి పొట్టలో వృథాగా కుళ్ళనీయక ముందుకు పంపును. కడుపులోని పురుగుల ఉధృతిని కొంత తగ్గించును. 5, 6 పాళ్ళు దాటినప్పుడు మేత తినుట తగ్గును, జీర్ణశక్తి తగ్గును. కనుక మోతాదే ముఖ్యము. మోతాదు మన చేతిలో నున్నది.

టానిన్ కాక వేరు పదార్థములును కలవు. ప్రకాశం, గుంటూరు, కృష్ణా ప్రాంతములలో కాగితపు గుజ్జుకొరకు విరివిగా పెంచిన సుబాబుల్ ఆకు మంచి మేతయే. కాని దానిలో, ముఖ్యముగా లేత చివుళ్ళలో, మైమోసిన్ అను పదార్థము కలదు. అలవాటు లేని జీవాలకు అదే పనిగా మేపినచో బొచ్చు రాలును, గొంతువద్ద గ్రంథి వాచును. హవాయి దీవులలోని మేకలు మాత్రము దానిని తిని క్షేమముగా నుండుట చూచి, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు రేమండ్ జోన్స్ వాని పొట్టలోని సూక్ష్మజీవులే ఆ విషమును విరుచుచున్నవని కనుగొనెను. 1980వ దశకములో ఆ సూక్ష్మజీవులను ఆస్ట్రేలియా పశువుల పొట్టలకు మార్చి సత్ఫలితములు పొందిరి. 1992లో ఆ సూక్ష్మజీవికి ఆయన పేరే కలిపి సినర్జిస్టిస్ జోన్సియై అని నామకరణము చేసిరి. మేత గుణము ఆకులో సగము, తిను జీవము పొట్టలో సగము అని దీనివలన గ్రహింపవలెను.

కోసిన తరువాత వచ్చు చిగురు

ఇక అసలు విషయమునకు వచ్చెదను. పొదను నరికిన తరువాత వచ్చు చిగురు మునుపటి ఆకుకంటె మంచిదా, చెడ్డదా? దీనికి ఒకే జవాబు లేదు. లోకములో రెండు విధములైన అనుభవములు కలవు.

ఉత్తర ధ్రువమునకు చేరువగా నున్న అలాస్కాలో కుందేళ్ళు చలికాలమున భూర్జము మొదలగు చెట్ల కొమ్మలను కొరికి బ్రతుకును. బాగుగా కొరికిన చెట్టు మరల వేయు కొమ్మలలో జిగురు పదార్థములు విస్తారముగా చేరునని, ఆకలిగొన్న కుందేలు కూడ ఆ కొమ్మలను రోయునని బ్రయంట్ అను శాస్త్రజ్ఞుడు 1981లో ప్రకటించెను. ఇక్కడ కోత చెట్టును చేదు చేసినది.

దక్షిణాఫ్రికా తుమ్మజాతి చెట్ల విషయమున దీనికి విరుద్ధముగా కనబడినది. మృగములు తీవ్రముగా మేసిన చెట్ల క్రొత్త చిగురులో పోషకములు హెచ్చుగాను, టానిన్ తక్కువగాను ఉండెననియు, మృగములు ఆ చెట్లకే మరల మరల వచ్చుచుండెననియు డూ టాయిట్, ఆయన సహచరులు 1990లో వెల్లడించిరి. ఇక్కడ కోత ఆకును మెత్తపరచినది.

ఈ భేదమునకు కారణము స్థూలముగా చెప్పవచ్చును. వేళ్ళలో నిలవయు, నేలలో సారమును, తేమయు ఉన్న పొద, కోసినవెంటనే తన బలమునంతయు పెరుగుదలకే వినియోగించును. అప్పుడు చిగురు మెత్తగా నుండును. నిస్సారమైన నేలలో, ఎద్దడిలో, ఊపిరి తీయనీయక మరల మరల కోయబడిన పొద పెరుగలేదు. ఉన్న కొద్దిపాటి ఆకును కాపాడుకొనుటకే అది తాపత్రయపడును. వగరు పెంచును, ముళ్ళు పెంచును. మన అనంతపురము జిల్లావంటి చోట సాలుకు 550 మిల్లీమీటర్ల వానతో, రాళ్ళ నేలలో నిలిచిన పొద ఈ రెండవ కోవలోనికి జారిపోవుట సులభము. కనుక మన సీమలో పొదకు విశ్రాంతి ఇచ్చుట దయాధర్మము కాదు. అది మేత నాణ్యతకు మూలము.

కంచెలోపలి చావు

పట్టించుకొననిచో ఏమగును? 1980వ దశకములో దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్ ప్రాంతమున కంచెలు వేసి జింకలను పెంచు క్షేత్రములలో, కుడూ అను పెద్ద కొమ్ముల జింకలు శీతకాలపు ఎద్దడిలో గుంపులుగా చనిపోయినవి. వాని కడుపులు ఆకుతో నిండియే ఉన్నవి. ఆ ఆకులలో టానిన్ మిక్కుటముగా నుండెనని, అదియే చావునకు ముఖ్యకారణమని ప్రిటోరియా విశ్వవిద్యాలయపు వాన్ హోవెన్ అభిప్రాయపడెను. జింకల సంఖ్య హెచ్చుగా నున్న క్షేత్రములలోనే చావులు హెచ్చుగా నుండెను. కంచె లేనిచో ఆ మృగములు ఒక చెట్టు నాలుగు ఆకులు, ఇంకొక చెట్టు నాలుగు ఆకులు తినుచు సాగిపోయెడివి. కంచెలోపల అవే చెట్లను తిరిగి తిరిగి తినవలసివచ్చినది.

మన బీళ్ళకు ముళ్ళకంచె లేకపోవచ్చును. కాని చుట్టును పొలములు, తోటలు, ఇండ్ల స్థలములు క్రమ్ముకొని వచ్చిన చిన్న బీడు కూడ కంచెయే. వెనుకటివలె మంద దూరపు గుట్టలకు సాగిపోవుటకు దారి లేనప్పుడు, ఆ కొద్ది పొదలే పగలంతయు మేత కావలెను. మన జీవాలు ఒక్కరాత్రిలో కుప్పకూలకపోవచ్చును. ఈనిన గొఱ్ఱెకు పాలు తగ్గును. పిల్ల ఎదుగదు. సంతలో తూకము తగ్గును. ఆ నష్టమును మనము కరవు ఖాతాలో వ్రాసి ఊరకుందుము.

తిననివి మిగులుట

ఇంకొక కీడు కలదు. మంద మంచి పొదను ముందు తినును. తినిన పొద క్షీణించును. తినని పొద దాని చోటు ఆక్రమించును. తంగేడు, లంటానా అను పులికంప ఇట్లు పెరిగినవే. పులికంప ఆకు తిన్న పశువునకు కాలేయము చెడి, కామెర్లు వచ్చి, ఎండ తగిలినచోట చర్మము పగులును.

సర్కారు తుమ్మ అనబడు సీమతుమ్మ కథ మరింత గమనింపదగినది. 1877 ప్రాంతమున కడప జిల్లా కమలాపురమువద్ద వంటచెరకుకొరకు దీని విత్తనములు వేయించిరి. దీని ఆకును జీవాలు ముట్టవు. కాయను మాత్రము ప్రీతితో తినును. గింజ నలుగక పేడలో బయటపడి, అచ్చటనే మొలచును. మందయే దానిని బీడంతట చల్లుచున్నది. దానిని నేలమట్టముగా కొట్టినంతమాత్రమున చావదు. మోడునుండి పది కొమ్మలు లేచును. అన్ని పొదలను ఒకే తీరున కొట్టించు పంచాయతీ తెలియకయే సీమతుమ్మకు సేవ చేయుచున్నది. ఏలయనగా కొట్టిన తరువాత రేగు చిగురును మంద తినివేయును, సీమతుమ్మ చిగురును విడిచివేయును. మూడేండ్లలో బీడు ఎవరిదగునో చెప్పనక్కరలేదు.

చేయవలసినది

రాజస్థాన్ ఎడారి రైతులనుండి మనము ఒక పాఠము నేర్చుకొనవచ్చును. వారు చేలలోని నేలరేగు పొదలను ఏడాది పొడవునా మేపరు. వానలు వెనుకబట్టిన తరువాత ఒక్కమారు కోసి, ఎండబెట్టి, దులిపి, ముళ్ళను వేరుచేసి, ఆకును నిలవచేయుదురు. ఆ ఆకును "పాలా" అందురు. ముళ్ళకొమ్మలు చేలకు కంచె అగును. పొదకు తరువాతి కోతవరకు విశ్రాంతి దొరకును. అనగా వారు పొదను పైరుగా చూచుచున్నారు. మన నేలరేగు కూడ ఆ జాతిదే.

మన బీళ్ళకు ఈ క్రింది క్రమము మేలని నా సూచన.

1. ముందు తీయవలసినది తిననిదానిని. పులికంపను, సీమతుమ్మను వేరు మొదలుతో సహా త్రవ్వి తీయవలెను. రేగు, తెల్లతుమ్మ, జమ్మి వంటివానిని నిలుపవలెను. సీమతుమ్మ కాయలను ఏరి, గింజ నలుగునట్లు మరపట్టించి, ఇతర మేతలో కొద్దిగా కలిపి పెట్టుట మంచిది. అప్పుడు మేతయు దక్కును, మొలకయు ఆగును.

2. బీడును నాలుగు భాగములు చేసి, సాలుకు ఒక భాగములోని పొదలను మాత్రమే కోయవలెను. కోసిన భాగములోనికి ఒక వానకాలము గడచువరకు మందను పోనీయరాదు.

3. నేలమట్టముగా నరుకరాదు. మోకాలి ఎత్తుకు పైన కోయవలెను. ప్రతి పొదకు మూడవవంతు కొమ్మలైనను మిగుల్చవలెను. దోటితో మండలు దించునప్పుడును ఇదే నియమము. తల పూర్తిగా గొరిగిన జమ్మికి నిలువ శక్తి ఉండదు.

4. వానలు తగ్గి ఆకు పుష్కలముగా నున్నప్పుడు కోసి ఆరబెట్టి వేసవికి దాచుకొనవలెను. ఎండలో వాడి, వగరెక్కిన ఆకుకొరకు వేసవివరకు కాచుకొనియుండుట మేలు కాదు.

5. ఒకే ఆకు కడుపునిండ పెట్టరాదు. రెండు మూడు రకముల ఆకులతో చొప్పగాని, గడ్డిగాని, కొద్దిగా తెలగపిండిగాని కలిపి పెట్టవలెను. సుబాబుల్ ఆకు మొత్తము మేతలో మూడవవంతుకు మించరాదు. ఆకలిగొన్న మందను క్రొత్త ఆకుమీదికి ఒక్కసారిగా వదలరాదు. వారము పది దినములలో మెల్లగా అలవాటు చేయవలెను.

6. మీ బీటిలోని ఏ పొద కోతకు మెత్తబడునో, ఏది వగరెక్కునో మీరే పరీక్షింపవచ్చును. జాతికి అయిదు పొదలచొప్పున గుర్తుపెట్టి కోసి, పక్కన కోయని పొదలు అయిదు ఉంచుడు. చిగురు ముదిరి ఆకైన తరువాత, మేత సమృద్ధిగా నున్న దినములలో మందను వదలి, దేనిని ముందు తినునో, దేనిని మూతిపెట్టి విడుచునో చూచి వ్రాసికొనుడు. ఆకలి కాలమున జీవము దేనినైనను తినును గనుక అప్పటి సాక్ష్యము చెల్లదు. కడుపు నిండిన మేక నోరు మంచి ప్రయోగశాల.

పంచాయతీ పెద్దలకు, అధికారులకు మనవి

బీడు బాగుచేయు పనిని ఎకరముల లెక్కన కొలుచుట మానవలెను. ఎన్ని ఎకరములు కొట్టించితిమి అని కాక, ఏ పొదను తీసితిమి, ఏ పొదను నిలిపితిమి అని లెక్క వ్రాయవలెను. పని మొదలుపెట్టుటకు ముందు గొఱ్ఱెల కాపరులను పిలిచి, వారితో బీడు తిరిగి, నిలుపవలసిన పొదలకు సున్నపు గుర్తు పెట్టించుడు. ఏ పొద ఏ నెలలో మేతకు వచ్చునో వారికి తెలిసినంత మనకు తెలియదు. చెట్టు కొట్టునప్పుడు 2002 నాటి వాల్టా చట్టపు నిబంధనలను చూచుకొనుట మరువరాదు.

"మేకయే బీడును నాశనము చేయుచున్నది, దానినే తోలివేసిన చాలును" అను వాదము తరచుగా వినబడును. నేను దీనితో ఏకీభవింపను. నిజమునకు వగరాకును ఆవుకంటె బాగుగా ఓర్చుకొని, పాలుగాను మాంసముగాను మార్చు శక్తి మేకకు కలదు. బీడును చెరచునది మేక కాదు, విశ్రాంతి లేని మేపు. అయితే భాగములు మూసివేసినప్పుడు మొదట ఇబ్బందిపడువాడు సెంటు భూమి లేని కాపరియే. వానిని ప్రక్కకు నెట్టి చేసిన కట్టడి రాత్రివేళ తప్పక విరిగిపోవును. కనుక ఒక్క నాలుగవ భాగమును మాత్రమే మూయవలెను. ఆ భాగములో కోసిన ఆకులో కాపరికి వాటా ఇవ్వవలెను. కోతపనిని, కంప తీయు కూలిని వానికే ముందుగా ఇవ్వవలెను. అప్పుడు ఆ బీటికి అతడే కావలివాడగును.

రైతు సోదరులారా! పత్తి ఆకు రంగు మారినచో పరుగున వచ్చి సలహా అడుగుచున్నారు. వరి పిలక తగ్గినచో ఎరువును గూర్చి వాకబు చేయుచున్నారు. ఊరి బీటిలోని రేగుపొద వగరెక్కినప్పుడు అడుగువారు లేరు. అది ఒకరి సొత్తు కాకపోవుటయే కారణము. కాని దానిమీద ఆధారపడిన గొఱ్ఱె మీ ఊరి గొఱ్ఱెయే, దాని పాలు త్రాగు పిల్ల మీ ఊరి సంతకు పోవు పిల్లయే. ఈ సంవత్సరము వానలు వెనుకబట్టగానే గ్రామసభలో ఈ మాట ఎత్తుడు. నాలుగవవంతు బీటితో మొదలుపెట్టుడు. మరుసటి చైత్రమున మీ మంద మూతి ఏ పొదవైపు తిరుగునో చూచి, పై పద్ధతి మంచిచెడ్డలను మీరే నిర్ణయింపుడు.